మాజీ సైనికుడైన నాన్నగారి జీవితం మీద చిన్న పుస్తకం: కాగితాలు ఎలా చదవాలి, ఏం రాయాలి?

కాలవగట్టు:

నమస్కారమండి. మా నాన్నగారు పోయిన ఏడాది 79వ ఏట కాలం చేశారు. సంవత్సరీకానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆ రోజుకి చుట్టాలకీ ఊళ్లోవాళ్లకీ ఇవ్వడానికి ఆయన జీవితం మీద 24 పేజీల పుస్తకం వేయాలని అన్నదమ్ములం అనుకున్నాం.

ఆయన 1964లో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో సాపర్‌గా (సైన్యం ఇంజనీరింగ్ దళంలో సిపాయిగా) చేరి, 1986లో హవల్దారుగా దిగారు. తర్వాత 2005 దాకా బ్యాంకులో గార్డు. ఆ ఉద్యోగం చేస్తూనే తాడేపల్లిగూడెం దగ్గర మూడెకరాల వరి సొంతంగా చేశారు. తన ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు, మా ముగ్గురి చదువులు ఆయన రెక్కల మీదే నడిచాయి. మిలటరీ సంగతులు ఇంట్లో పెద్దగా చెప్పేవారు కాదు.

ట్రంకు పెట్టెలో ఉన్నవి: డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), ఏడు పతకాలు (పశ్చిమీ స్టార్, సంగ్రామ్, రక్షా, 'హిమాలయ' పట్టీతో సైన్య సేవా, స్వాతంత్ర్య రజతోత్సవం, 9 ఏళ్ల సర్వీసుది, 20 ఏళ్ల సర్వీసుది), ముప్పై దాకా ఇన్‌లాండ్ ఉత్తరాలు, ఓ సంచీడు ఫొటోలు. మిలటరీ భాగం తప్పుల్లేకుండా రాయాలంటే వీటిని ఎలా చదవాలి? ఇంకా ఎక్కడ అడగాలి? ఇంటి భాగానికి అసలు కాగితాలే లేవు, అది ఎలా రాయాలి? అమ్మకి 73, జ్ఞాపకం బాగానే ఉంది.

---

పాతసర్వీసు:

ముందు డిశ్చార్జ్ బుక్ ప్రతి పేజీ, ఖాళీ పేజీలతో సహా, స్కాన్ చేసుకోండి. తర్వాత ఆ స్కాన్ ప్రింటు మీదే పని చేయండి. అసలు పుస్తకం మడతల దగ్గర చిరుగుతుంది, అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ పనులకి అది ఇంకా అవసరం పడొచ్చు. లామినేషన్ మాత్రం వద్దు. వేడికి సిరా, స్టాంపులు పాడవుతాయి, మళ్లీ ఊడదీయడం కుదరదు.

అందులో చూడాల్సినవి వరసగా చెప్తాను. చేరిన తేదీ (ఎన్‌రోల్‌మెంట్) వేరు, శిక్షణ ముగించి కసం పరేడ్‌లో ప్రమాణం చేసిన తేదీ (అటెస్టేషన్) వేరు. యూనిట్‌కి వెళ్లేది ఆ రెండో దాని తర్వాతే. 'ట్రేడ్' అన్న చోట ఆయన వృత్తి ఉంటుంది: కార్పెంటర్, మేసన్, బ్లాక్‌స్మిత్, డ్రైవర్ ఇలా. చాలామంది ఇళ్లలో దీన్ని వదిలేసి ర్యాంకు ఒక్కటే రాస్తారు. ఇంజనీర్లలో మనిషి ఇరవై ఏళ్లు రోజూ చేసిన పనేంటో తెలిసేది ట్రేడు వల్లే. కోర్సులు, ఆర్మీ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్లు, క్యారెక్టర్ (ఎగ్జెంప్లరీ, వెరీ గుడ్ వగైరా) కూడా అక్కడే ఉంటాయి.

డిశ్చార్జ్ కారణం గడిలో ఆర్మీ రూల్ 13(3) అని, పక్కన ఐటెం నంబరు ఉంటుంది. 3(1) అయితే ఒప్పుకున్న కాలం పూర్తి చేసి వచ్చారని, 3(3) అయితే వైద్య కారణాలతో అని, 3(4) అయితే సొంతంగా అడిగి ముందే వచ్చేశారని అర్థం. 3(4) కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, శిక్ష కాదది. తండ్రి మంచాన పడో, పొలం చూసేవాళ్లు లేకో వచ్చిన వాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటప్పుడు ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగిందో పెద్దవాళ్లని అడగాలి.

ఇక పతకాలు. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. సంగ్రామ్ మెడల్ 1971 యుద్ధ కాలంలో సైన్యంలో ఉన్నవాళ్లకి విస్తారంగా ఇచ్చారు, రక్షా మెడల్ 1965కి అలాంటిది. ఈ రెండూ ఉన్నంత మాత్రాన యుద్ధరంగంలో ఉన్నట్టు కాదు. పశ్చిమీ స్టార్ వేరు. 1971 డిసెంబరులో పశ్చిమ రంగంలో, నోటిఫై చేసిన ప్రాంతంలో ఉంటేనే వస్తుంది. తూర్పు వైపుకి పూర్వీ స్టార్. కాబట్టి మీ నాన్నగారు 1971లో పశ్చిమ సరిహద్దులో ఉన్నారని ధైర్యంగా రాయొచ్చు. బంగ్లాదేశ్ విముక్తికి ఢాకా వెళ్లారని మాత్రం రాయకండి, ఊళ్లో ఎవరు చెప్పినా సరే. సైన్య సేవా మెడల్‌కి 'జమ్మూ కాశ్మీర్' పట్టీ విడిగా ఉంది, అందుకని 'హిమాలయ' పట్టీ చూసి కాశ్మీరు అనుకోవద్దు. రజతోత్సవ పతకం 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకి ఇచ్చింది.

ప్రతి పతకం అంచు మీదో వెనకో నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. భూతద్దంతో చూసి రాసుకోండి. నంబరు డిశ్చార్జ్ బుక్‌తో కలవకపోతే అది ఇంకొకరి పతకం అయ్యుండొచ్చు. దగ్గర చుట్టాల్లో మరో ఫౌజీ ఉంటే పెట్టెలో కలిసిపోతుంటాయి. బ్రాసోతో, చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు.

యూనిట్లు, పోస్టింగుల జాబితా కావాలంటే బెంగళూరులోని రికార్డ్స్ ఎంఈజీకి (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డు ఆఫీసుకి) రాయాలి. (ఇతరుల కోసం: మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈకి సికింద్రాబాద్, వాయుసేనకి ఢిల్లీ సుబ్రతో పార్క్.) మామూలు ఉత్తరానికి జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు, రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. మూడో వ్యక్తి సమాచారం అని తిప్పి పంపకుండా మరణ ధ్రువపత్రం, మీరు కొడుకని చూపే కాగితం, అమ్మగారి సంతకంతో అంగీకార పత్రం జత చేయండి. 'ఆయన వివరాలన్నీ ఇవ్వండి' అని అడగొద్దు. 'పనిచేసిన యూనిట్లు, తేదీలతో. ర్యాంకు పెరిగిన తేదీలు. మంజూరైన పతకాలు' అని మూడే అడగండి. నాలుగు నెలలే ఉంది కాబట్టి ఈ వారమే పంపేయండి.

పెన్షన్ లేకుండా వచ్చేసిన వాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. వాళ్ల విషయంలో లాంగ్ రోల్ అనే శాశ్వత రిజిస్టరులోని నాలుగు వివరాలే దొరుకుతాయి. మీది పెన్షన్ కేసు, ఆశ ఎక్కువే.

---

అటకపెట్టె:

ఉత్తరాలూ ఫొటోల గురించి నేను చెప్తాను.

ఇన్‌లాండ్ ఉత్తరం మీద ఊరి పేరు ఉండదు, '56 ఏపీఓ' లేదా '99 ఏపీఓ' (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటుంది. 56 అయితే పడమర, ఉత్తర సరిహద్దుల వైపు. 99 అయితే తూర్పు వైపు. పోస్టు ముద్రలో ఎఫ్‌పీఓ (ఫీల్డ్ పోస్టాఫీసు) నంబరు, తేదీ ఉంటాయి. ఉత్తరం లోపల తేదీ వేయకపోయినా ముద్ర ఉంది కదా. ముప్పై ఉత్తరాలనీ ఆ తేదీల వరసలో పేర్చి ఒక పట్టిక రాయండి: తేదీ, ఏపీఓ నంబరు, పంపినవారి చిరునామాలో యూనిట్, ఉత్తరంలో ముఖ్యమైన ఒక్క మాట. రికార్డు ఆఫీసు నుంచి జాబితా వచ్చాక పక్కన పెట్టి చూస్తే ఏ ఉత్తరం ఎక్కడి నుంచో తేలిపోతుంది.

మడతల దగ్గర చిరిగితే సెల్లోటేపు వేయకండి, కొన్నేళ్లకి పసుపు మరక మిగిల్చి కాగితాన్ని తినేస్తుంది. తెరిచి, రెండు తెల్ల కాగితాల మధ్య బరువు కింద రెండు రోజులుంచి అప్పుడు స్కాన్ చేయండి. మనియార్డరు కూపన్లు ఉన్నాయేమో వెతకండి. అడుగున నాలుగు లైన్ల జాగాలో రాసిన మాటలు ఉత్తరాల కంటే సూటిగా ఉంటాయి: ఎంత పంపారు, అందులో ఎరువుకెంత, బడి ఫీజుకెంత. ఇంటిని ఆయన ఎలా నడిపారో చెప్పడానికి మీకు అంతకంటే గట్టి కాగితం దొరకదు.

ఫొటోలు మామూలు సైజువి 600 డీపీఐలో, పాస్‌పోర్టు సైజువి 1200లో స్కాన్ చేయండి. ఫోనుతో తీస్తే లైటు మెరుపు పడుతుంది, అచ్చులో మొహాలు తెల్లబోతాయి. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని పీకకుండా అద్దంతోనే స్కాన్ చేయండి. వెనకాల పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలే వాడాలి. బాల్ పెన్ను ఒత్తు ముందువైపుకి తేలుతుంది.

తేదీ లేని యూనిఫాం ఫొటోకి చేతి మీద పట్టీలు లెక్కపెట్టండి. ఒకటైతే లాన్స్ నాయక్, రెండైతే నాయక్, మూడైతే హవల్దారు. పదోన్నతి తేదీలతో కలిపితే ఫొటో ఏ సంవత్సరాల మధ్యదో వచ్చేస్తుంది. రిబ్బన్లు ఎడమ ఛాతీ మీద ఉండాలి. కుడివైపు కనిపిస్తే నెగటివ్ తిరగేసి ప్రింటు వేశారన్నమాట, కంప్యూటర్లో తిప్పుకోండి. యూనిట్ గ్రూపు ఫొటో ఉంటే మీ నాన్నగారి మొహం ఒక్కటే కత్తిరించి వేయకండి. మొత్తం ఫొటో వేసి 'పై నుంచి రెండో వరస, ఎడమ నుంచి అయిదో వారు' అని రాయండి. అందులో ఉన్న ఇంకొకరి పిల్లలకి కూడా అది పనికొస్తుంది.

---

కాలవగట్టు:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండి. చూశాను: ట్రేడు 'కార్పెంటర్ అండ్ జాయినర్', కారణం 3(1), క్యారెక్టర్ ఎగ్జెంప్లరీ. పతకాల మీద నంబర్లన్నీ కలిశాయి. 1971 గురించి ఉత్తరాల్లో ఏమీ లేదు. నవంబరు తర్వాత ఫిబ్రవరిదే ఉంది. ఆ మధ్య ఏం రాయాలి?

---

పాతసర్వీసు:

ఆ ఖాళీని ఖాళీగానే చెప్పండి. 'నవంబరు ఉత్తరం తర్వాత మళ్లీ ఫిబ్రవరిలోనే ఉత్తరం వచ్చింది. ఆ మధ్య డిసెంబరు 3 నుంచి యుద్ధం జరిగింది. ఆయనకి పశ్చిమీ స్టార్ వచ్చింది.' ఈ మూడు వాక్యాలకి కాగితం ఆధారం ఉంది, వీటి బరువు వీటికే ఉంది.

యూనిట్ పేరు తెలిస్తే ఇంకొంత రాయొచ్చు. ఉదాహరణకి మద్రాస్ సాపర్లలో 9 ఇంజనీర్ రెజిమెంట్, శకర్‌గఢ్ సెక్టారులో బసంతర్ నది దగ్గర డిసెంబరు 15, 16 తేదీల్లో మందుపాతరల మధ్య ట్యాంకులకి దారి చేసింది. మీ నాన్నగారు ఆ రెజిమెంటులోనే ఉన్నారని జాబితాలో తేలినా 'ఆయన పనిచేసిన రెజిమెంటు ఈ పని చేసింది' అనే రాయాలి. ఆయన కంపెనీ ఆ రాత్రి ఎక్కడుందో తెలియకుండా 'మందుపాతరలు తొలగించారు' అని రాస్తే, చదివే పాత సాపరు ఒక్క ప్రశ్నతో పుస్తకమంతా పక్కన పెట్టేస్తాడు. బెంగళూరులో మద్రాస్ సాపర్స్ మ్యూజియం, ఆర్కైవ్ ఉంది. యూనిట్ చరిత్రల గురించి అక్కడ అడగొచ్చు.

కార్పెంటర్ అన్నారు కాబట్టి ఇంకో మాట. సాపరు ఎవరైనా ముందు ఫీల్డ్ ఇంజనీరింగ్ నేర్చుకున్నాకే ట్రేడు నేర్చుకుంటాడు: వంతెనలు, మందుపాతరలు, పేలుడు పని, నీటి సరఫరా. ఆ పని ఎంత బరువో చదివేవాళ్లకి తెలియాలంటే బైలీ వంతెన గురించి ఒక పేరా రాయండి. అందులో ఒక్కో ఇనప ప్యానెల్ 10 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు, దాదాపు 260 కేజీలు. క్రేను లేదు. ఆరుగురు మోత కర్రలు దూర్చి ఒక్క మాట మీద ఎత్తి, పక్క ప్యానెల్ కొక్కేల్లో కూర్చోబెట్టి పిన్ను కొట్టాలి. ఒకడు ముందుగా వదిలేస్తే మిగతా అయిదుగురి వేళ్లూ నలుగుతాయి. కట్టిందాన్ని రోలర్ల మీద అవతలి గట్టుకి తోస్తారు. వాగు మీదకి సాగిన ముందు భాగానికి సరిపడా బరువు వెనక లేకపోతే మొత్తం వాగులోకి ఒరిగిపోతుంది. ఇది ఆయన ఫలానా చోట చేశారని కాకుండా, సాపరు పని ఇలా ఉంటుందని రాస్తే నిజానికి ఎక్కడా భంగం రాదు.

---

సార్వాదాళ్వా:

ఇంటి భాగానికి కాగితాలు లేవన్నారు. ఉంటాయి, ట్రంకులో కాదు, అంతే.

మీ బళ్ల టీసీలు తీయండి. కేంద్రీయ విద్యాలయంలో చదివి ఉంటే ఏ ఊళ్లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో అందులో ఉంటుంది. అంటే కుటుంబాన్ని వెంట ఉంచుకున్న పీస్ పోస్టింగులు తేలిపోయాయి. పిల్లలెవరైనా మిలటరీ ఆసుపత్రిలో పుట్టి ఉంటే ఆ సర్టిఫికెట్ ఇంకో ఆధారం. మిగిలిన ఏళ్లు ఆయన ఫీల్డులో, అమ్మగారు అత్తగారింట్లో. ఆ ఏళ్లు పొలం ఎవరు చూశారు, ఆవుల్ని ఎవరు చూశారు, పిల్లలకి జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్లారు అన్నది కూడా ఆయన జీవిత కథలో భాగమే. అమ్మగారికి రెండు పేజీలు తక్కువ కాకుండా ఇవ్వండి.

పట్టాదారు పాసుపుస్తకం, కొనుగోలు దస్తావేజులు, సొసైటీ లోను పుస్తకం మూడూ పక్కన పెట్టుకుంటే ఏ ఏడు ఎంత అప్పు తెచ్చారు, ఎప్పుడు తీర్చారు, ఏ అరెకరం ఎప్పుడు కలిసింది అన్నీ వస్తాయి. చెల్లెళ్ల పెళ్లిళ్ల తేదీలు ఆ పక్కనే రాయండి. పెళ్లికి ముందు లోను, తర్వాత నాలుగైదు పంటలు వరసగా వాయిదాలు కనిపిస్తే 'కష్టపడి పెళ్లిళ్లు చేశారు' అని విడిగా చెప్పే పని లేదు.

అమ్మగారిని 'నాన్న ఎలాంటివారు?' అని అడగకండి. 'దేవుడులాంటి మనిషి' అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఇలా అడగండి: సెలవుకి వస్తే ఏ రైలు దిగేవారు, స్టేషన్ నుంచి ఇంటికి ఎలా వచ్చేవారు? పెట్టెలోంచి ముందు ఏం తీసేవారు? రెండు నెలల సెలవు ఊడ్పులకి సరిపెట్టేవారా, కోతలకా? బ్యాంకు డ్యూటీ ఉన్న రోజు చేలోకి ఎన్నింటికి వెళ్లేవారు? వంతు నీరు రాత్రి వస్తే ఎవరు కాసేవారు? దాళ్వాకి (రెండో పంటకి) నీళ్లు ఇవ్వని ఏడు ఏం వేశారు? కోపం వస్తే ఏం చేసేవారు? ఇంట్లో ఏ తలుపు, ఏ మంచం, ఏ పీట ఆయన చేత్తో చేసింది? ఈ చివరిది తప్పకుండా అడగండి. ట్రేడు కార్పెంటర్ కాబట్టి వస్తువు ఏదో ఉండే తీరుతుంది. ఆ జాయింట్లు దగ్గరగా ఫొటో తీయండి, మేకు లేకుండా కూసం-బెజ్జంతో కూర్చిందా అన్నది కూడా రాయండి.

ఒక్కసారికి ముప్పావు గంట మించొద్దు. ఫోను రికార్డరు పెట్టి, ఫొటోలు చేతికిచ్చి మాట్లాడించండి. ఫొటో చూస్తే పేర్లు వాటంతటవే వస్తాయి. ఆవిడ ఊరి పేర్లు ఎలా పలికితే అలాగే రాసుకుని తర్వాత పోస్టింగుల జాబితాతో సరిచూడండి. మేనత్తల్నీ, పొలం గట్టు పక్క రైతునీ, బ్యాంకులో ఆయనతో పనిచేసిన ఒకరినీ విడివిడిగా కలవండి. అందర్నీ ఒకచోట కూర్చోబెడితే పెద్ద గొంతున్నవాళ్ల మాటే మిగులుతుంది.

పుట్టిన తేదీ మిలటరీ రికార్డులో ఒకటి, జాతకంలో ఒకటి ఉండటం మామూలే. ఇంట్లో పాటించిన తేదీ వచనంలో రాసి, రికార్డు తేదీ సర్వీసు పట్టికలో పెట్టండి.

అన్నదమ్ముల పంపకాల గొడవలు, తీరని అప్పులు, పేరు చెబితే నొచ్చుకునే మనుషులు ఉంటే రాసి మీ దగ్గర దాచుకోండి, అచ్చులో వద్దు. అలాగని లేని గుణాలు అంటించొద్దు. ముక్కోపి అయితే ముక్కోపి అనే రాయండి. ఊళ్లో అందరికీ తెలిసిందే, అది లేకపోతే ఆయన్ని గుర్తుపట్టరు.

---

ఫారం_ప్రూఫు:

అచ్చు సంగతులు. 24 పేజీలు మధ్య పిన్ను కుట్టుకి సరిగ్గా సరిపోతుంది. పేజీలు నాలుగు గుణిజంలో ఉండాలి, 26 అంటే కుదరదు. 1/8 డెమ్మీ సైజు తీసుకోండి. పెద్దవాళ్లు చదవాలి కాబట్టి అక్షరం 14 పాయింట్లకి తగ్గొద్దు. ఆ లెక్కన నిండు పేజీకి 200 మాటల పైచిలుకు పడతాయి. ఫొటోలకి ఎనిమిది పేజీలు పోగా రాత మూడున్నర వేల మాటలకి లోపే ఉండాలి. అది దాటితే డీటీపీ వాళ్లు అడక్కుండా అక్షరం చిన్నది చేసేస్తారు.

లోపల 100 జీఎస్‌ఎం మ్యాప్‌లితో, ఫొటో పేజీలకి 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరు, అట్టకి 250 లేదా 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు. రెండు మూడు వందల కాపీల లోపైతే డిజిటల్ ప్రింటే చవక. ఫొటో అచ్చయ్యే సైజులో 300 డీపీఐ ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగానో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వండి.

మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే చాలా డీటీపీ సెంటర్లలో అనూ ఫాంటుకి మారుస్తారు. ఆ మార్పులో వత్తులు, ముఖ్యంగా రవత్తు, 'క్ష', పొల్లు ఉన్న ఇంగ్లీషు మాటలు చెడతాయి. 'హవల్దార్', 'రెజిమెంట్', 'సాపర్స్' లాంటివి ప్రతిచోటా చూడాలి. ప్రూఫు కాగితం మీదే చూడండి, స్క్రీన్ మీద కాదు. మొదటిసారి మీరు, రెండోసారి ఈ సంగతేమీ తెలియని మనిషి. తేదీలు, పేర్లు మాత్రం మూడోసారి డిశ్చార్జ్ బుక్ పక్కన పెట్టుకుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టాలి.

ఒక జాగ్రత్త. డిశ్చార్జ్ బుక్, పీపీఓ పేజీల బొమ్మలు యథాతథంగా వేయకండి. పెన్షన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్, అమ్మగారి పుట్టిన తేదీ ఒకేచోట దొరికితే ఫోనులో మోసం చేసేవాళ్లకి అంతకంటే ఏం కావాలి? అలాంటి కాగితం వేయాలనిపిస్తే నంబర్లు నల్లగా కప్పి వేయండి. సర్వీసు నంబరు చివరి మూడంకెలు చూపిస్తే చాలు.

రికార్డు ఆఫీసు జవాబు అచ్చుకి ముందు రాకపోవచ్చు. పోస్టింగుల పట్టిక చివరి పేజీలో పెట్టుకుని, జవాబు ఆలస్యమైతే ఆ పేజీలో పెద్ద ఫొటో వేసేయండి. తర్వాత వచ్చాక ఒక విడి కాగితం అచ్చువేసి పుస్తకంలో పెట్టి ఇవ్వొచ్చు. పది కాపీలు కుట్టకుండా విడిగా ఉంచమనండి. రెండో ముద్రణలో దిద్దాల్సినవి ఆ కాపీల మీద రాసుకోవచ్చు, సంవత్సరీకం నాడే నలుగురూ వచ్చి 'ఇది ఇలా కాదు' అని చెప్తారు.